తోలు కాని తోలు: ఖాకీ కాగితం నుంచి పుస్తకపు అట్ట దాకా

జూన్ నెలలో బడి తెరిచిన వారం గోలేటి క్వార్టర్లలో ఏ ఇంటికి పోయినా ఒకటే దృశ్యం కనిపించేది. నేల మీద కొత్త పుస్తకాల కట్ట, పక్కన కత్తెర, గిన్నెలో ఉడికించిన మైదా జిగురు, చుట్టూ పరిచిన ఖాకీ కాగితం. ఫస్ట్ షిఫ్ట్ దిగి వచ్చిన నాన్న స్నానం చేసి, అన్నం తిని, మన పుస్తకాలకు అట్టలు వేయడానికి కూర్చునేవాడు. డబ్బుకు ఇబ్బందైన నెలలో సిమెంటు సంచి లోపలి పొర విప్పి, దులిపి, దాన్నే అట్టగా వేసేవాళ్లు. అది చినిగేది కాదు. ఏడాది చివరికి ముడతలు పడి, చేతి చెమటకు నున్నబడి, మెత్తగా తోలులా తయారయ్యేది. అప్పుడు మనం దాన్ని గమనించలేదు. అదొక పాత విద్య అని, దానికి ప్రపంచంలో మూడు వందల ఏళ్లకు పైబడిన చరిత్ర ఉందని తెలియదు.

ఈ స్వర్ణోత్సవ సంచికకు ఏం రాయాలా అని ఆలోచిస్తుంటే మా ఇంట్లో జరిగిన ఒక సంగతి గుర్తొచ్చింది. మా నాన్న బాయి పని నుంచి రిటైరైన రోజు తోటి కార్మికులు ఇచ్చిన సన్మాన పత్రాన్ని ఒక రెక్సిన్ ఫైలులో, పారదర్శకమైన ప్లాస్టిక్ కవరులో భద్రంగా పెట్టాను. ఏళ్ల తర్వాత తీసి చూస్తే సగం అక్షరాలు కాగితం మీద లేవు. కవరుకు అంటుకుని ఉన్నాయి, అద్దంలో చూసినట్టు తిరగబడి. ఫైలు ఎక్కడ కొన్నానో చెప్పాల్సిన పని లేదు. ఆ రకం సరుకు ఏ దుకాణంలో కొన్నా అదే జరిగేది. పి.వి.సి. ప్లాస్టిక్ మెత్తగా ఉండటానికి అందులో కలిపే నూనెలాంటి పదార్థం కాలం గడిచేకొద్దీ బయటికి ఊరుతుంది. జిరాక్సు, లేజర్ ముద్రణ అక్షరాలను అది కరిగించి తనకు అంటించుకుంటుంది. భద్రం చేయాల్సిన అట్టే లోపలి రాతను తినేసింది. అసలు మనుషులు రాసుకున్నదాన్ని దేనితో కప్పి కాపాడుకున్నారు అన్న ప్రశ్న నాకు అప్పుడే పుట్టింది.

చెక్క, తోలు, కాగితం

మన పూర్వీకుల పుస్తకం తాటాకు. దానికి పైనా కిందా రెండు చెక్కలు, మధ్యలో తాడు. ఆకు అడ్డంగా మడవడానికి పనికిరాదు కనుక మన తాళపత్ర గ్రంథాలకు తోలు అట్ట అవసరం రాలేదు. కాగితం వచ్చాక పుస్తకం రూపం మారింది. మడిచిన కాగితాల వీపును కుట్టాలి, ఆ కుట్టును ఏదో ఒకటి గట్టిగా పట్టి ఉంచాలి. వేలసార్లు తెరిచి మూసినా విరగనిది, వంగేది కావాలి. ఆ పనికి తోలును మించింది లేదు.

అయితే కాగితం తోలుకు సాయంగా మొదటినుంచీ ఉంది. అరబ్బు, పారశీక ప్రాంతాల పుస్తకాల పనివాళ్లు చెక్క పలకలు మానేసి, పనికిరాని కాగితాలను ఒకదానిపై ఒకటి అతికించి గట్టి అట్టలు చేశారు. పాత అట్టలను విప్పినప్పుడు లోపల పూర్వపు ఉత్తరాలు, లెక్కలు దొరకడం అందుకే. పారశీక దేశంలో ఇంకో అడుగు వేసి, కాగితపు గుజ్జుతో చేసిన అట్ట మీద బొమ్మలు వేసి, పైన మెరుగునూనె పూసి, తోలు లేకుండానే పుస్తకాలకు పైకప్పు చేశారు. ఆ పని అక్కడినుంచి కాశ్మీరుకు వచ్చింది.

కాగితాన్నే తోలులా మార్చే విద్య మాత్రం జపానులో పండింది. అక్కడ ఇసె అనే చోట గొప్ప దేవాలయం ఉంది. జనం కాలినడకన యాత్రకు పోయేవారు. చచ్చిన జంతువు చర్మం మైల అని భావించేవారు కనుక తోలు సంచీతో దేవుడి దగ్గరికి పోవడం తప్పు. పొగాకు సంచీ లేకుండా ప్రయాణం సాగదు. 17వ శతాబ్దం చివరిలో ఆ దారిలోని పనివాళ్లు దీనికి ఉపాయం కనిపెట్టారు. గట్టి చేతి కాగితాన్ని తడిపి, నలిపి, ముడతలు తేల్చి, నూనె పట్టించి, రంగు వేసి తోలు లాంటి కాగితం తయారుచేశారు. దానితో కుట్టిన పొగాకు సంచీలు యాత్రికులు ఊళ్లకు తీసుకుపోయే కానుకలయ్యాయి. ఆ కాగితానికి వాళ్ల భాషలో 'గికకుషి' అని పేరు. తోలును అనుకరించే కాగితం అని అర్థం.

అదే శతాబ్దంలో డచ్చి వర్తకులు ఐరోపానుంచి బంగారు పూత, ఉబ్బెత్తు పూలు ఉన్న గోడ తోళ్లను జపానుకు తెచ్చారు. అవి ఖరీదైనవి, అరుదైనవి. 1868లో మేజీ పాలన మొదలయ్యాక జపాను పనివాళ్లు ఆ తోలును కూడా కాగితంతో చేసి చూపించారు. పొరలు పొరలుగా అతికిన తడి కాగితాన్ని పూలు చెక్కిన కర్ర రోలరు మీద పరిచి, గట్టి కుచ్చు బ్రష్షులతో గంటల తరబడి కొట్టేవారు. పూల ఆకారం కాగితంలోకి దిగాక తగరం రేకు అతికి, పైన లక్కనూనె పూస్తే బంగారంలా మెరిసేది. 1873 వియన్నా ప్రదర్శనలో దాన్ని ప్రపంచం చూసింది. తోలును అనుకరించిన కాగితం అదే తోలు పుట్టిన ఐరోపాకు గోడ కాగితంగా ఎగుమతి అయింది.

బొగ్గు పొగ తినేసిన తోలు

మన బొగ్గు గనుల వాళ్లకు ఆసక్తి కలిగించే మలుపు ఇక్కడుంది. 19వ శతాబ్దపు లండన్ నగరంలో దీపాలు వెలిగింది బొగ్గునుంచి తీసిన గ్యాసుతో. పొయ్యిల్లో మండింది కూడా బొగ్గే. గ్రంథాలయాల్లోని తోలు బైండింగులు ఎర్రటి పొడిలా రాలిపోవడం మొదలైంది. 1840లలో మైకేల్ ఫారడే లండన్‌లోని ఎథీనియం క్లబ్బులో పుస్తకాలు పాడవుతుంటే కారణం వెతికి, గ్యాసు దీపాల నుంచి వచ్చే గంధకపు ఆమ్లాల వైపు వేలు చూపించాడు. బొగ్గులో గంధకం ఉంటుంది. అది మండితే వచ్చే వాయువు గాలిలో తేమతో కలిసి ఆమ్లమవుతుంది. సరిగా ఊనని తోలు దాన్ని పీల్చుకుని లోపలే చివికిపోతుంది. ఆ జబ్బుకు పుస్తకాల వైద్యులు ఈనాటికీ 'ఎర్ర కుళ్లు' అనే పేరే వాడుతున్నారు.

తోలు ధర పెరిగి, మన్నిక తగ్గాక బదులు సరుకుల కాలం వచ్చింది. 1820లలోనే ఇంగ్లండులో గంజి పట్టించిన గుడ్డ బైండింగు మొదలైంది. మనవాళ్లు ఇప్పటికీ 'కాలికో బైండింగ్' అనేది దాని సంతానమే. తర్వాత గుడ్డ మీద నైట్రోసెల్యులోజు, కర్పూరం కలిపిన పూత పూసి, తోలు గీతలు ఒత్తి అమ్మారు. మాంచెస్టరు దగ్గర హైడ్ అనే ఊళ్లో తయారైన అలాంటి ఒక సరుకు వ్యాపార నామమే 'రెక్సిన్'. ఆ కంపెనీ సంగతి మరిచిపోయినా పేరు మన భాషలో స్థిరపడిపోయింది. మన బడి సంచీ, సైకిలు సీటు, రిజిస్టరు అట్ట అన్నీ రెక్సినే. తర్వాతి కాలంలో ఆ పూత స్థానంలోకి పి.వి.సి. వచ్చింది. మా నాన్న సన్మాన పత్రం అక్షరాలు తిన్నది అదే.

మన ఇంటి పక్క కాగితం

కాగితం మనకు పరాయిది కాదు. నిజాం కాలంలో కోరుట్ల చేతి కాగితానికి పేరు. ఇక ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్ దాటి ఉత్తరంగా పోతే వచ్చే సిర్పూర్ కాగజ్‌నగర్ పేరులోనే కాగితం ఉంది. కొత్తపేట అనే చిన్న ఊరు పక్కన 1938లో నిజాం ప్రభుత్వ హయాంలో సిర్పూర్ పేపర్ మిల్లు ఏర్పడింది. 1942లో ఉత్పత్తి మొదలైంది. ఆదిలాబాద్ అడవుల వెదురు, దగ్గరలోనే నీరు, రైలు మార్గం, పక్కనే బొగ్గు. ఈ నాలుగూ ఒకచోట దొరికినందుకే మిల్లు అక్కడ వెలిసింది. మన తండ్రులు తవ్వింది బొగ్గు, వాళ్ల తండ్రులు ఉడికించింది వెదురు. మన బడిలోనే మిల్లు కార్మికుల చుట్టాల పిల్లలు చదివారు. రెండు ఊళ్ల మధ్య పెళ్లిళ్లు జరిగాయి.

2014లో ఆ మిల్లు మూతపడింది. కూత వినిపించని కాగజ్‌నగర్‌ను చూసినవాళ్లు ఆ నాలుగేళ్లను మరిచిపోలేరు. జీతాలు ఆగి, పిల్లల ఫీజులు ఆగి, ఎంతోమంది ఊరు విడిచారు. 2018లో జె.కె. పేపర్ సంస్థ చేతికి వచ్చి మిల్లు మళ్లీ తిరిగింది. కానీ మధ్యలో పోయినవాళ్లందరూ తిరిగి రాలేదు. పని ఆగితే యంత్రంతో పాటు చేతి నేర్పు కూడా పోతుందని ఆ నాలుగేళ్లు మనకు చూపించాయి. గనుల్లో తట్టా చెమ్మస్ పోయి యంత్రాలు వచ్చినప్పుడు మనం చూసింది కూడా అదే.

కాగితం తోలు చేయడానికి వెదురు, దేవదారు జాతుల పొడవాటి పోగు కావాలి. వెదురు పోగు సుమారు 2 నుంచి 3 మిల్లీమీటర్లు, నీలగిరి చెట్టు పోగు దాదాపు 1 మిల్లీమీటరు. జపాను వాళ్లు వాడే మల్బరీ జాతి 'కోజో' పోగు 10 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. పోగు ఎంత పొడవైతే నలిపినా అంతగా విడిపోదు. 1879లో కార్ల్ డాల్ అనే జర్మన్ రసాయనవేత్త కనిపెట్టిన సల్ఫేటు పద్ధతిలో పోగు బలం దెబ్బతినకుండా గుజ్జు తయారవుతుంది. ఆ కాగితానికి 'క్రాఫ్ట్' అని పేరు పెట్టారు. జర్మన్‌లో ఆ మాటకు బలం అని అర్థం. మనం అట్టలు వేసుకున్న ఖాకీ కాగితం, సిమెంటు సంచి పొర ఆ జాతివే. వార్తాపత్రికతో ఈ పని జరగదు. దాని పోగు పొట్టిది, కలపను నూరి తీసింది, నాలుగుసార్లు నలిపితే పిండి అవుతుంది.

మిగతా సామగ్రి కూడా మన వంటింట్లోనే ఉంది. నానబెట్టిన కాగితాన్ని మెంతులతో కలిపి రుబ్బి, చేటలకు పూసి, గిన్నెల మీద అచ్చుపోసి బుట్టలు చేసిన అమ్మమ్మలు మనకు ఉన్నారు. చేర్యాల నకాషీలు గుడ్డను బొమ్మకు సిద్ధం చేసేది చింతగింజల జిగురు, సుద్దమట్టి, గంజితో. నిర్మల్ కొయ్యబొమ్మలకు చింతగింజల ముద్ద అతుకు. జపాను వాళ్లు నలిపిన కాగితానికి బలం పట్టించే 'కొన్యాకు' దుంప పిండి కూడా మన కంద జాతిదే. చింతగింజ జిగురుది కూడా అలాంటి పనే.

చేసే తీరు

ఇంట్లో, బడిలో పిల్లలతో చేయించగల పద్ధతి ఇది. పుస్తకం కన్నా నాలుగు వైపులా 4 సెంటీమీటర్లు పెద్దగా ఖాకీ కాగితం కోయాలి. చేత్తో నీళ్లు చిలకరించి చెమ్మ పట్టనివ్వాలి. నానబెట్టకూడదు. ఉండ చుట్టి గట్టిగా నొక్కాలి, మెల్లగా విప్పాలి, మళ్లీ వేరే వైపునుంచి చుట్టాలి. పది పదిహేనుసార్లకు కాగితం చప్పుడు ఆగిపోతుంది. ఆ చప్పుడు ఆగడమే గుర్తు. పోగుల మధ్య బిగువు సడలి, పోగులు మాత్రం విడిపోకుండా కాగితం గుడ్డలా వేలాడుతుంది.

తర్వాత పాత నూలు పంచె ముక్క మీద పలచగా జిగురు రాసి ఈ కాగితాన్ని పరచాలి. చదును చేసే తొందరలో ముడతలన్నీ పోనివ్వకూడదు, తోలు గీతలు అవే. నీడలో బరువు కింద ఒక రోజు ఆరనివ్వాలి. రంగుకు టీ డికాక్షన్ గానీ కరక్కాయ నీళ్లు గానీ పూయాలి. కరక్కాయ, తంగేడు చెక్క దక్షిణాదిలో అసలు తోలు ఊనడానికి వాడినవే. మన రాష్ట్ర పుష్పమైన తంగేడు బెరడుతో ఊనిన తోళ్లు ఒకప్పుడు ఓడలెక్కి ఇంగ్లండు పోయాయి. నలుపు కోసం ఇనుప ముక్క వేసిన కరక్కాయ నీళ్లు మాత్రం వద్దు. అది కాలక్రమంలో కాగితాన్ని తింటుంది. బాగా ఆరాక తేనెమైనం రుద్ది, గుడ్డతో మెరుగు పెట్టాలి. ముడతల మిట్టలు మెరుస్తాయి, పల్లాలు నల్లగా నిలుస్తాయి. అప్పుడు పక్కన అసలు తోలు పెట్టినా దూరంనుంచి పోల్చుకోలేరు.

లోపలి కాగితాలను ఫారాలుగా మడిచి దారంతో కుట్టాలి. రెండు గట్టి అట్టలు, వాటి మధ్య వీపు, వీపుకు అటూ ఇటూ మడత తిరగడానికి సందు వదలాలి. మూలలు ఏటవాలుగా కోసి లోపలికి మడవాలి. ఖాకీ కాగితం మరక లోపలి పేజీలకు పట్టకుండా మొదటా చివరా ఒక్కో తెల్ల కాగితం అతికించాలి. పాత బైండరు జిగురులో పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపేవాడు. అది విషం, పిల్లల చేతికి ఇవ్వరాదు. ఏ రోజు జిగురు ఆ రోజు కాచుకుంటే చాలు.

దీని హద్దులు కూడా చెప్పాలి. వానలో తడిస్తే చెడుతుంది. రోజూ జేబులో పెట్టుకు తిరిగితే వీపు దగ్గర ముందు అరుగుతుంది. తోలులా నూరేళ్లు వస్తుందని ఎవరూ మాట ఇవ్వలేరు. అయితే పాడైతే విప్పి మళ్లీ వేసుకోవచ్చు. లోపలి రాతకు మాత్రం హాని చేయదు.

మైల అన్న మాట గురించి

ఈ చరిత్రలో దాటేయకూడని సంగతి ఒకటుంది. ఇసె యాత్రికులు తోలును మైల అన్నారు. ఆ తోలు ఊనే పనివాళ్లను అక్కడి సమాజం ఊరి అంచున ఉంచింది. మన దగ్గర కూడా అంతే. చెప్పు, మోట, డప్పు అందరికీ కావాలి, వాటిని చేసిన చేతిని మాత్రం దూరం పెట్టారు. తోలు పనికి కావాల్సిన రసాయనం, ఓర్పు, లెక్క తెలిసినవాళ్లను చదువుకు దూరం చేశారు. అలా దూరమైన ఇళ్లనుంచే చాలామంది బొగ్గు బాయిలకు వచ్చారు. గని దిగాక అందరి ముఖాలూ ఒకే నలుపు. మన తరగతి గదిలో ఆ ఇళ్ల పిల్లలు, మిగతా ఇళ్ల పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చున్నారు. కాబట్టి మనం కాగితం తోలు చేసేది తోలును అసహ్యించుకుని కాదు. చేతిలో ఉన్నదానితో, తక్కువ ఖర్చుతో, రాసుకున్నది దాచుకోవడానికి. తోలు పని తెలిసిన పెద్దలు మన మధ్య ఉంటే ఈ పనికి మొదటి గురువులు వాళ్లే కావాలి. అంచు పలచగా చెక్కడం, మూల మడవడం వాళ్లకు తెలిసినంతగా ఏ పుస్తకం చెప్పదు.

ఒక కోరిక

మన బడి బీరువాలో పాత అడ్మిషన్ రిజిస్టర్లు ఉన్నాయి. మన పేరు, నాన్న పేరు, ఆయన పని చేసిన గని, ఏ ఊరినుంచి వచ్చాం అన్నది అందులో రాసి ఉంటుంది. గోలేటి లాంటి ఊరికి వేరే చరిత్ర పుస్తకం లేదు. గని ఉన్నంతకాలం కాలనీ ఉంటుంది. గని మూతపడితే క్వార్టర్లు ఖాళీ అవుతాయి, మనుషులు మంచిర్యాల, కరీంనగర్, హైదరాబాద్ దారి పడతారు. మన బ్యాచీల వాట్సాప్ గ్రూపులు చూస్తే ఆ చెదిరిపోవడం ఎంత దూరం పోయిందో తెలుస్తుంది. తట్టా చెమ్మస్‌తో బొగ్గు నింపిన తరంలో ఎంతమంది మిగిలారో ప్రతి దసరాకు ఊరికి వచ్చినప్పుడు మనమే లెక్కపెట్టుకుంటున్నాం.

అందుకని సంఘానికి ఒక చిన్న పని సూచిస్తున్నాను. ఈ ఏడాది ఒక ఆదివారం బడి వరండాలో పిల్లలతో కలిసి ఖాకీ కాగితం నలుపుదాం. ఒక్కో బ్యాచీ ఒక్కో పుస్తకం కట్టాలి. లోపల తెల్ల పేజీలు మాత్రమే ఉంచాలి. మన తండ్రులు, తల్లులు బతికుండగానే వాళ్ల ఎదుట కూర్చుని అడిగి రాయాలి: ఏ ఊరినుంచి వచ్చావు, మొదటి రోజు బాయిలో ఏం చూశావు, మొదటి జీతం దేనికి ఖర్చుపెట్టావు. రాసినదాని కింద వాళ్ల సంతకం గానీ వేలిముద్ర గానీ ఉండాలి. ఆ పుస్తకాలు రిజిస్టర్ల పక్కన బీరువాలో ఉండాలి. రిజిస్టర్ల చివికిన అట్టలకు కూడా ప్లాస్టిక్ తొడుగులు మాని, ఈ కాగితం తోలుతో పై తొడుగులు కుట్టి వేయవచ్చు. విప్పదీసే అసలు మరమ్మతు మాత్రం తెలిసిన బైండరు చేతికే ఇవ్వాలి.

మా నాన్న సన్మాన పత్రంలో పోయిన అక్షరాలు నాకు కొన్ని గుర్తున్నాయి, కొన్ని లేవు. లేనివాటిని ఆయనను అడిగే వీలు ఇప్పుడు లేదు. ఆ వీలు ఇంకా ఉన్న మిత్రులు జూన్ దాకా ఆగకండి.